రాజమ్మ టీచరు అనుమానాలు, రూతు చదువు

రేపల్లెలో మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడిలో కుట్టు నేర్పే రాజమ్మ టీచరు ఎవరినీ ఒక పట్టాన నమ్మేది కాదు. చేపలమ్మే మనిషి మొప్పలెత్తి చూపిస్తే, ఆ చేపను కాదని పక్క తట్టలోది తీయమనేది. బస్సు కండక్టరు చిల్లర తర్వాత ఇస్తానంటే దిగేదాకా అతని పక్కనే నిలబడేది. కొత్తగా వచ్చిన పాస్టరు సామ్యేలు అయ్యగారు ఇంటికి వచ్చి కుశలం అడిగితే, ఆయన వెళ్ళిపోయాక చెల్లెలితో, "ఏంటి, ఇంత ఆప్యాయంగా అడిగాడు? చందా ఏమన్నా అడగబోతున్నాడేమో చూడు" అంది.

అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఇంటర్ పాసయ్యాక ఆమె గుంటూరులో ఒక కుట్టు శిక్షణ సంస్థలో చేరింది. మేడమీద రెండు గదులు, బయట పెద్ద బోర్డు, ఆర్నెల్లలో ప్రభుత్వ సర్టిఫికెట్ అన్నారు. తండ్రి ఆదాము మాస్టారు తల్లి చెవుల దుద్దులు అమ్మి ఫీజు కట్టాడు. ఒక సోమవారం పొద్దున ఆమె వెళ్ళేసరికి బోర్డు లేదు, మిషన్లు లేవు, గోడకు మేకులు మాత్రం ఉన్నాయి. ఇంటికొచ్చి చెప్తే తండ్రి ఆమెకు అన్నం పెట్టమని తల్లికి చెప్పాడు. తిట్టకుండా అన్నం పెట్టించడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. తర్వాత నిజమైన సర్టిఫికెట్ సంపాదించింది, ఉద్యోగమూ వచ్చింది. ఆదాము మాస్టారు పోయాక, తనకన్నా పదేళ్ళు చిన్నదైన చెల్లెలు రూతును తనే చదివించింది. కానీ ఎక్కడ కొత్త బోర్డు కనిపించినా దాని వెనక మేకులే కనిపించేవి ఆమెకు.

రూతు మరో రకం. అక్క దగ్గర కుట్టు నేర్చుకుంది గాని అక్కలా గీత గీసినట్టు కుట్టేది కాదు. బి.ఏ. తెనాలిలో చదువుతూనే అక్కడ ముత్తయ్యగారి దుకాణానికి వెళ్ళడం మొదలుపెట్టింది. ముత్తయ్యది నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చే దుకాణం. పద్యనాటకం ఆడే ప్రతి ఊరివాళ్ళూ ముఖమల్ కోట్లు, కిరీటాలు, భుజకీర్తులు అక్కడినుంచే ట్రంకుపెట్టెల్లో తీసుకెళ్ళేవాళ్ళు. చిరిగిన కోటు బాగుచేయమని ఇస్తే రూతు దాన్ని విప్పి, మరో రకంగా కుట్టి, పక్కన ఒక బొమ్మ గీసి పెట్టేది. కృష్ణుడి నడుము సన్నగా కనిపించాలంటే చమ్కీ ఎక్కడ ఆపాలో ఆ బొమ్మలో ఉండేది. ముత్తయ్య ఆ బొమ్మల్ని అద్దం పక్కన గోడకు అంటించాడు.

1991లో ఒకరోజు రూతు రేపల్లె పాసింజరు దిగి ఇంటికొచ్చి, అన్నం తింటూ నెమ్మదిగా అంది.

"అక్కా, దుస్తులు డిజైన్ చేయడం పైదేశాల్లో కాలేజీల్లో నేర్పుతారంట. నాటకాలకి, సినిమాలకి. నేను పోవాలనుకుంటున్నా."

రాజమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "ఎవరు చెప్పారు నీకు?"

ఇద్దరు చెప్పారు. మొదటివాడు బసవేశ్వరరావు. తెనాలి స్టేషన్ రోడ్డులో మేడమీద కొత్తగా ఆఫీసు తెరిచి, పైచదువులకు పిల్లల్ని లండన్ పంపుతానని గోడల మీద రాయించాడు. రెండోవాడు జార్జి. బాపట్లలో స్క్రీన్ ప్రింటింగు చేస్తాడు, నాటక పరిషత్తుల కరపత్రాలు అచ్చువేస్తాడు. ముత్తయ్య గోడమీద బొమ్మలు చూసి, ఎవరు గీశారని అడిగి, జర్మనీలో సర్కారు కళాశాలల్లో ఫీజే ఉండదని చెప్పి వెళ్ళాడు.

రాజమ్మకు ఇద్దరి మీదా అనుమానమే. అయితే బసవేశ్వరరావు డబ్బు తీసుకుంటానన్నాడు కాబట్టి అతని ఉద్దేశం ఏంటో తెలుస్తూనే ఉంది. ఊరికే చదువు చెప్తారన్న రెండోవాడే ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు. ఫీజు లేకుండా తెల్లవాళ్ళు మన పిల్లలకు చదువెందుకు చెప్తారు? దానికి ఈ బాపట్ల మనిషి ఎందుకు తాపత్రయపడుతున్నాడు? పెళ్ళికాని పిల్లకు సాయం చేస్తానని వచ్చే మగవాడికి సాయం ఒక్కటే మనసులో ఉంటుందా?

ముందు బసవేశ్వరరావు సంగతి తేల్చుకుందామని చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆఫీసులో మెత్తటి కుర్చీలు, గోడకు లండన్ వంతెన బొమ్మ ఉన్నాయి. ఆయన కాఫీ తెప్పించాడు. సీటు తన చేతిలో ఉందని, ఫీజులో సగం ముందు కడితే మిగతాది అమ్మాయి అక్కడ పార్ట్‌టైం ఉద్యోగం చేసి తీర్చుకుంటుందని, ఈ నెలలోనే తేల్చుకోవాలని చెప్పాడు. రాజమ్మ ఆయన చేతులవంక చూస్తూ అన్నీ వింది. తర్వాత అమాయకంగా అడిగింది.

"మా పాస్టరు అయ్యగారు హార్లింగ్ విట్‌మోర్ కాలేజీ మంచిదన్నారండి. అందులో దొరుకుతుందాండి?"

"హార్లింగ్ విట్‌మోరా అమ్మా? చాలా మంచి కాలేజీ. మనకి బాగా తెలిసినవాళ్ళే. పోయినేడు ఇద్దర్ని పంపాం. ఇంకా రెండు సీట్లున్నట్టున్నాయి, నేను ఫోన్ చేసి ఆపిస్తాను."

రాజమ్మ కాఫీ పూర్తిగా తాగి, వెళ్ళొస్తామండి అని లేచింది. మెట్లు దిగాక రూతు అడిగింది, "ఆ కాలేజీ పేరు నీకెట్లా తెలుసక్కా?"

"మన సమాధుల తోటలో ఇద్దరు దొరలున్నారు చూడు, మూలన. ఒకాయన హార్లింగ్, ఒకాయన విట్‌మోర్. కలిపా."

రూతు రోడ్డు మీదే కూలబడి నవ్వింది. రాజమ్మ నవ్వలేదు. ఆ మేడ మెట్ల దగ్గర వరుసగా విప్పిన చెప్పులు చూస్తూ నిలబడింది. పైన ఇంకా ఎంతమంది తండ్రులు కాఫీ తాగుతున్నారో అనుకుంది.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరూ బాపట్ల వెళ్ళారు. స్టేషన్‌కు దగ్గరలో చిన్న పెంకుటింట్లో జార్జి పని చేసుకుంటున్నాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, వేళ్ళనిండా నీలం రంగు. కూర్చోమని స్టూలు తుడిచి ఇచ్చాడు. రాజమ్మ అదే ప్రశ్న అతన్నీ అడిగింది, ఈసారి హార్లింగ్ విట్‌మోర్‌ను జర్మనీలో పెట్టి.

జార్జి తల అడ్డంగా ఊపాడు. "నేను వినలేదండి ఆ పేరు. ఉందేమో తెలీదు. కనుక్కుని చెప్తాను."

ఆ జవాబు బాగానే ఉంది. బాగుండటమే ఆమెకు నచ్చలేదు. మరీ తెలివైనవాడేమో అనిపించింది.

అతను చెప్పింది మాత్రం వివరంగా ఉంది. ఫీజు లేదు గాని తిండికీ గదికీ మనమే చూసుకోవాలి. ఏడాది ఖర్చుకు ఎవరో ఒకరు పూచీ ఉంటేనే వీసా ఇస్తారు. ఇంటర్ ఒక్కటే చాలదు, డిగ్రీ ఉంది కాబట్టి పర్వాలేదు. జర్మన్ భాష రావాలి, మద్రాసులో నేర్పుతారు. ముందుగా బొమ్మల కట్ట పంపాలి, అది నచ్చితే పరీక్ష పెడతారు. చాలా చోట్ల పరీక్షకు మనిషి వెళ్ళి కూర్చోవాలి, రెండుసార్లు విమానం ఎక్కే స్తోమత మనకు లేదు కాబట్టి, ఇంటిదగ్గర చేసి పంపే పరీక్ష ఉన్న కాలేజీనే ఎంచుకోవాలి. అట్లాంటిది ఒకటి చిన్న ఊళ్ళో ఉంది, చిన్న ఊరైతే గది అద్దె కూడా తక్కువ.

తర్వాత రూతు తెచ్చిన బొమ్మలు తిరగేశాడు. "ఇవన్నీ కిరీటాలమ్మా. బాగున్నాయి. కానీ వాళ్ళు నీ చెయ్యెంత బాగుందని చూడరు, నువ్వు దేన్ని చూస్తున్నావని చూస్తారు. నీ చుట్టూ మనుషులు బట్టలు ఎట్లా కట్టుకుంటారో గీసి తీసుకురా."

రూతు ఆ చలికాలమంతా అదే పని మీద ఉంది. పిట్టలవానిపాలెం పొలాల్లో చీరమీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని కోత కోసే ఆడవాళ్ళను గీసింది. పెనుమూడి రేవులో పడవ ఎక్కేటప్పుడు పంచె ఎట్లా పైకి దోపుతారో, దిగాక ఎట్లా వదులుతారో వరసగా గీసింది. చర్చికి వచ్చే తెల్లచీరల్లో ఏది ఎవరిదో మడతను బట్టి గుర్తుపట్టేలా గీసింది. రాజమ్మ ఆ బొమ్మల్ని చెల్లెలు లేనప్పుడు చూసేది. ఒకదాంట్లో తనే ఉంది. కిటికీ పక్కన నిలబడి, కొంగు రెండు చేతులా పట్టుకుని, వీధిలోకి అనుమానంగా చూస్తోంది. ముఖం గీయలేదు. కొంగు పట్టుకున్న తీరులోనే అంతా తెలిసిపోతోంది. ఆమె ఆ కాగితాన్ని మళ్ళీ అడుగునే పెట్టేసింది.

కట్ట సిద్ధమయ్యేసరికి శివరాత్రి నాటకాలు వచ్చాయి. ముత్తయ్య డ్రస్సులతో రూతు ఊళ్ళు తిరగాలి. కట్టను రిజిస్టర్ పోస్టులో పంపమని అక్కకు అప్పగించి వెళ్ళింది.

రాజమ్మ పంపలేదు. ఒక్కసారి ఆ జార్జి సంగతి తెలుసుకుని పంపుదామనుకుంది. అతని మేనత్త అన్నమ్మ పెనుమూడిలో ఉంటుందని విని, మహిళా సమాజం పనిమీద వచ్చినట్టు వెళ్ళి, అరుగుమీద కూర్చుని మాటల్లో పెట్టింది.

"మావాడా? జర్మనీలో ఉండొచ్చాడమ్మా. చదువుకుందామనే పోయాడు. వాళ్ళు తీసుకోలేదు. రెండేళ్ళూ తీసుకోలేదు. అక్కడేదో అచ్చాఫీసులో పనిచేసి వచ్చేశాడు" అంది అన్నమ్మ వక్క కత్తిరిస్తూ.

రాజమ్మకు లోపల దీపం వెలిగినట్టయింది. అదన్నమాట. తను అడుగు పెట్టలేని కాలేజీకి దారి చెప్తున్నాడన్నమాట. నేరుగా బాపట్ల వెళ్ళింది.

"మీరు అక్కడ చదవలేదంటగా."

జార్జి చేతిలోని అచ్చుతెరను గోడకు ఆనించాడు. "లేదండి. మీరు అడగలేదు, నేనూ చెప్పుకోలేదు. సిగ్గుగా ఉంటుంది కదండి."

"మరి మా పిల్లకెట్లా చెప్తున్నారు?"

"నన్నెందుకు తీసుకోలేదో వాళ్ళు చెప్పారండి. అదే చెప్తున్నా. నేనూ కిరీటాలే పంపా."

"ఇందులో మీకేంటి?"

అతను వేళ్ళకంటిన రంగును గుడ్డతో తుడుచుకున్నాడు. "నాకు తెలిసినవాళ్ళలో ఒక్కరన్నా ఆ గేటు లోపలికి పోతే బాగుంటుందనండి. అంతే."

అంతే అన్న మాటను రాజమ్మ జీవితంలో ఎన్నడూ నమ్మలేదు. అప్పుడూ నమ్మలేదు. ఇంటికొచ్చి, బడికి సెలవు పెట్టి, ఆ కట్ట తీసుకుని మద్రాసు రైలెక్కింది. జర్మన్ నేర్పే ఆ చోటికి వెళ్ళి, బల్ల వెనక ఉన్నామెను వచ్చీరాని ఇంగ్లీషులో, మధ్యమధ్య తెలుగులో, అన్నీ ఒక్కొక్కటిగా అడిగింది. ఆవిడకు కాస్త తెలుగు వచ్చు. ఓపిగ్గా పుస్తకం తీసి చూసి చెప్పింది. ఫీజు లేని మాట నిజం. పూచీ మాట నిజం. ఇంటిదగ్గర చేసే పరీక్ష నిజం. ఆ చిన్న ఊరు నిజం. జార్జి చెప్పినదాంట్లో ఒక్క మాట తేడా లేదు.

"మరి ఇది ఇప్పుడు పంపుతానండి" అని రాజమ్మ కట్ట చూపించింది.

ఆవిడ మళ్ళీ పుస్తకం చూసింది. "ఈ ఏడాదికి గడువు పోయిన వారమే అయిపోయిందండి."

తిరుగు రైల్లో ఆమె ఆ కట్టను ఒళ్ళోనే పెట్టుకుంది. పక్కనున్నావిడ పైన పెడతానన్నా ఇవ్వలేదు. చీరాల దాటాక, అబద్ధం చెప్తే ఎట్లా ఉంటుందని ఆలోచించింది. పోస్టులో ఎక్కడో పోయిందనొచ్చు. కాలేజీవాళ్ళు జవాబివ్వలేదనొచ్చు. రూతు నమ్ముతుంది. రూతు ఎవరు చెప్పినా నమ్ముతుంది. ఇన్నేళ్ళూ లోకమంతా ఎక్కడ మోసం చేస్తుందోనని కాపలా కాసిన పిల్లను ఇప్పుడు మోసం చేయబోయేది తనే.

రూతు తెనాలిలోనే ఉంది. ముత్తయ్యగారి పెరట్లో డ్రస్సులు ఎండలో ఆరేస్తోంది. రాజమ్మ కట్టను నులకమంచం మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది.

రూతు తడి చేతులు లంగాకు తుడుచుకుంది. "అతన్ని నమ్మకపోతే పోనీ. పంపమన్నది నేను కదక్కా. నన్ను కూడానా?"

ఆ రోజునుంచి రూతు ముత్తయ్య ఇంట్లోనే ఉండిపోయింది. ఆదివారం ఆరాధనకు రేపల్లె వచ్చినా ఆడవాళ్ళ వరసలో మరో చివర కూర్చునేది. ముత్తయ్య భార్య పేరమ్మ ఒకసారి సర్దిచెప్పబోయి, "మీ అక్క నీ మంచికే చేసింది కదమ్మా" అంటే, "మంచి సంగతి నాకు తెలీదు పిన్నీ, ఏడాది పోయిన సంగతి తెలుసు" అంది.

రాజమ్మ ప్రాధేయపడే మనిషి కాదు. వేసవి సెలవులకు బాపట్ల వెళ్ళి జార్జి ముందు స్టూలు మీద కూర్చుంది.

"వచ్చే ఏడు కట్ట ఇంకా బాగుండాలంటే ఏం చేయాలండి?"

"మనుషుల్ని గీసింది కదండి. ఇప్పుడు వాటిల్లోంచి తను కొత్తగా ఏం కుడుతుందో కూడా ఉండాలి."

మిషనూ బట్టా రాజమ్మ చూసుకుంది. తన బడి గదిలో సెలవుల్లో చోటు అడిగి పెట్టించింది, తాళం ముత్తయ్య చేత రూతుకు పంపింది. రూతు పగలు వచ్చి కుట్టుకుని పోయేది. రాజమ్మ మంచినీళ్ళ కూజా పెట్టి వెళ్ళేది. కొన్నాళ్ళకు ఒకరోజు రూతు, "అక్కా, ఈ చంకకింద ముడత పోవట్లేదు" అని పిలిచింది. రాజమ్మ వచ్చి, విప్పి మళ్ళీ కుట్టింది. అక్కడ మొదలైంది మళ్ళీ మాట.

ఈసారి కట్టను రూతే తెనాలి హెడ్డుపోస్టాఫీసులో ఇచ్చింది. పరీక్ష కాగితం వచ్చింది, చేసి పంపింది. సీటు వచ్చింది, జర్మన్ నేర్చుకునే షరతు మీద. రూతు మద్రాసులో మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో ఉండి నేర్చుకుంది. మిగిలింది పూచీ. జార్జి అక్కడ ఉన్నప్పుడు గది అద్దెకిచ్చిన ఒక ముసలావిడ, వీళ్ళ చర్చిలాంటి చర్చికే వెళ్ళే మనిషి, పూచీగా తను ఉంటానంది.

రాజమ్మకు పాత జ్వరం తిరగబెట్టింది. ముక్కూముఖం తెలియని పిల్లకు పూచీ ఉండే మనిషి ఎవరు? మాట్లాడితే గాని కుదరదంది. రేపల్లెలో టెలిఫోను బూత్‌లో జార్జి ఫోన్ కలిపి, అటు జర్మన్‌లో ఇటు తెలుగులో చెప్పడానికి మధ్యలో నిలబడ్డాడు.

"ఆమెకేం కావాలో అడగండి" అంది రాజమ్మ.

"అట్లా అడగకూడదండి."

"అడగండి."

జార్జి ఇబ్బందిపడుతూ అడిగాడు. అవతల పెద్దగా నవ్వు వినిపించింది. అతను విని చెప్పాడు. "మేడమీద గది ఖాళీగా ఉందంట. చలికాలం వాకిట్లో మంచు ఎత్తిపోయడానికి తనకి నడుం వంగట్లేదంట. అది చేయాలంట. ఆదివారం తనతోపాటు చర్చికి రావాలంట, ఒక్కతే పోవడం విసుగంట."

రాజమ్మ ముఖం తేటపడింది. ఇంతకాలానికి ఒక మనిషి అర్థమయ్యేలా మాట్లాడింది. "సరేనని చెప్పండి. మా పిల్ల పని దొంగ కాదని కూడా చెప్పండి."

1993 సెప్టెంబరులో రూతు వెళ్ళింది. ప్రావిడెంటు ఫండు మీద అప్పు తీసి రాజమ్మ టికెట్టు కొంది. మద్రాసు విమానాశ్రయంలో అక్క చెల్లెలికి జాగ్రత్తలు చాలా చెప్పింది. రూతు అన్నిటికీ తలూపి, చివరికి, "అక్కా, ఎవరో ఒకర్ని నమ్మకపోతే అక్కడ నాకు రోడ్డు దాటడం కూడా రాదు" అంది. చదువయ్యాక ఆమెకు అక్కడే ఒక నాటకశాల కుట్టుపని విభాగంలో ఉద్యోగం వచ్చింది. సెలవులకు వచ్చినప్పుడు ఎవరైనా ఆ ఏడాది ఆలస్యం కావడం మంచికే అయిందంటే మాత్రం ఒప్పుకోదు. రాజమ్మ కూడా అట్లా అనలేదు ఎప్పుడూ.

బసవేశ్వరరావు ఆఫీసు ఎప్పుడో మూతపడింది. కానీ తెనాలిలో, గుంటూరులో అట్లాంటి బోర్డులు పెరిగాయి. పిల్లల్ని పైచదువులకు పంపాలనుకునేవాళ్ళు ముందు రేపల్లె వచ్చి రాజమ్మ టీచర్ని కలవడం అలవాటైంది. ఆమె వాళ్ళతో వెళ్ళి, కుర్చీలో కూర్చుని, అడగాల్సినవి అడిగి వచ్చేది. మంచిచోటైతే మంచిదని కూడా చెప్పేది, కాస్త అయిష్టంగా.

1998లో సూర్యలంక నుంచి పడవలున్న ఏడుకొండలు తన కూతురు సింగారమ్మను తీసుకుని వచ్చాడు. పిల్ల వలల దారంతో సంచులు, దీపాల మీద వేసే తొడుగులు అల్లుతుంది, డిజైన్ చదువుతానంటోంది. పిల్లను పంపుతామన్న ఆఫీసు చూడటానికి ముగ్గురూ తెనాలి బయల్దేరారు. పాసింజరు పెట్టెలో ఏడుకొండలు ఆ ఆఫీసువాళ్ళు ఎంత మంచివాళ్ళో చెప్తూనే ఉన్నాడు. రాజమ్మ అతనివంక చూస్తూ కూర్చుంది. ఇతను కూతుర్ని పంపాలనుకుంటున్నాడా, వదిలించుకోవాలనుకుంటున్నాడా అన్న అనుమానం ఆమెకు వేమూరు దాటినా తీరలేదు. తెనాలిలో దిగగానే అతన్ని టీ తాగి రమ్మని పంపి, పిల్లను పక్కకు తీసుకెళ్ళింది.

"నిజం చెప్పమ్మా. పోవాలని నీకుందా, మీ నాన్నకుందా?"

సింగారమ్మ తండ్రి వెళ్ళినవైపు ఒకసారి చూసింది. "నాకేనండి. నాన్నకు భయం. ఆ మాట పైకి చెప్పలేక వాళ్ళు మంచోళ్ళు, మంచోళ్ళు అని ఇందాకట్నుంచి తనకి తనే చెప్పుకుంటున్నాడండి."

రాజమ్మ ఆ పిల్లను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత టీకొట్టు దగ్గర ఒక్కడే నిలబడి ఉన్న ఏడుకొండలు దగ్గరికి నడిచి, తనకూ ఒక టీ చెప్పమంది.